నాలుగో కుర్చీ

వేడ్ మరిచిపోయిన శాండ్‌విచ్ సంచి పట్టుకుని స్కూలు భోజనాల హాలు మెట్లెక్కుతుంటే కెండ్రాకి నవ్వు ఆగలేదు. మరిచిపోవడం వట్టి వంక. ధాన్యం గోదాములో పని మధ్యలో ఆమె కాసేపు తప్పించుకుని రావాలని అతని ఎత్తు. పెళ్ళయి ఇంకా రెండు నెలలు నిండలేదు. పొద్దున రొట్టె మాడిపోయినా ఇద్దరికీ పండగే. అతనికిష్టమని సంచిలో ఊరవేసిన దోసకాయ ముక్కలు ఎక్కువే పెట్టింది. వాటిని చుట్టిన కాగితం రుమాలు మీద లిప్‌స్టిక్‌తో ఒక ముద్ర కూడా వేసింది.

ఆర్డెల్ ఊళ్ళో వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్నం స్కూల్లో పిల్లలందరికీ ఉచితంగా భోజనం పెడతారు. హాలంతా గోల, మొక్కజొన్న వాసన, నేలమీద చిందిన చాక్లెట్ పాలు. పక్క తలుపు దగ్గర చేతులు కట్టుకుని వేడ్ నిలబడి ఉన్నాడు. ఆమె ఇస్త్రీ చేసిన నీలం చొక్కా, భుజం మీద రేడియో. ఆమెని చూసి కాపలావాడి మొహం పెట్టబోయాడు గాని, కళ్ళు అప్పటికే నవ్వేశాయి.

అప్పుడే పసుపు చొక్కా వేసుకున్న సన్నపాటి అమ్మాయి ఒకతె పళ్ళెం పట్టుకుని ఆ పక్క తలుపు వైపు నడిచింది. యారెలి అని, పదమూడేళ్ళుంటాయి. వాళ్ళమ్మ ఒతీలియా కోతల కాలంలో గోధుమ లారీ నడుపుతుంది.

"పళ్ళెం లోపలే ఉండాలి పాపా," అన్నాడు వేడ్, మామూలుగానే. ఇక్కడ పెట్టిన తిండి ఇక్కడే తినాలన్నది నియమం. గోడ మీద రాసి ఉంది.

"తమ్ముడికి. కారులో పడుకున్నాడు. జ్వరం."

"జ్వరమొచ్చినవాడికి బరీటో రొట్టె ఎందుకు? నువ్వే తిను. బొమికలు లెక్కపెట్టొచ్చు నీకు."

బల్లల దగ్గర కొందరు నవ్వారు. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. "పాలు ఒక్కటే ఇచ్చొస్తా," అంటూ నడుముతో తలుపుని నెట్టింది. వేడ్ ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విదిలించుకుంది. పీచ్ ముక్కల పాకం అతని చొక్కా మీద పడింది. అతను గట్టిగా లాగాడు. ఆమె రెండో చేత్తో పళ్ళెం తిప్పి అతని మూతిమీద కొట్టింది. పెదవి చిట్లింది.

ఈ వసంతం దాకా వేడ్ పశువుల యార్డులో పనిచేశాడు. కాల్చిన ఇనుముతో ముద్ర వెయ్యడానికి దూడల్ని పడెయ్యడంలో అతన్ని మించినవాడు లేడు. దూడ మీదుగా వంగి అవతలి డొక్క దొరకబుచ్చుకుని, మోకాలితో ఎత్తి, గాల్లోనే తిప్పి నేలకి కొట్టేవాడు. కంచె మీద కూచుని చూస్తూ కెండ్రా ఎన్నోసార్లు ఈల వేసింది. ఇప్పుడు ఆమె కళ్ళముందు పసుపు చొక్కా అలాగే లేచింది, అలాగే తిరిగింది, అలాగే సిమెంటు నేలని తాకింది. భుజం దగ్గర పచ్చికొమ్మ విరిగిన చప్పుడైంది. వేడ్ మోకాలు ఆ పిల్ల వీపు మీద దిగింది.

ఇద్దరు పెద్ద పిల్లలు బల్ల దూకి వచ్చి అతని మీద పడ్డారు. ఒకడు చెవి పట్టి లాగాడు, రెండోవాడు వీపు మీద గుద్దాడు. వేడ్ నడుముకున్న పెప్పర్ స్ప్రే తీసి వాళ్ళ మొహాల మీద కొట్టాడు. గాలి ఫ్యాన్లు దాన్ని హాలంతా పంచాయి. బల్లల వెంట పిల్లలు దగ్గుతూ, ఏడుస్తూ, పళ్ళేల్లోకే కక్కుతున్నారు. వంటావిడ ఒకామె గరిట ఎత్తుకుని "పసిపిల్లల్రా, పసిపిల్లల్రా" అని అరుస్తోంది.

వేడ్ యారెలిని చొక్కా వెనక పట్టుకుని లేపి, ఆఫీసు గది వైపు ఈడ్చుకొచ్చాడు. మధ్యలో బరువైన తలుపు. వదిలితే దానంతటదే మూసుకుంటుంది.

"కెండ్రా! తలుపు పట్టుకో!"

ఆమె పట్టుకుంది. సంచి చంకలో ఇరికించి, వీపు ఆనించి, మడమలు నేలకి తన్నిపెట్టి మరీ పట్టుకుంది. ఆ పిల్ల కళ్ళు అప్పటికే వాచి మూసుకుపోయాయి. ఒక కాలి బూటు ఊడి గడప దగ్గరే పడిపోయింది.

"థాంక్స్, బంగారం," అన్నాడు వేడ్ దాటుతూ. ఈ ఊళ్ళో ఎవరైనా తలుపు పట్టుకుంటే థాంక్స్ అనకుండా దాటేవాళ్ళు ఉండరు.

"పర్లేదు," అంది కెండ్రా. ఆ మాట నోట్లోంచి వచ్చేశాక గాని ఆమెకి వినపడలేదు.

సాయంత్రం వంటింట్లో అతని పెదవికి ఐసు ముక్క అద్దింది. అతను ఆమె వేలు కొరికాడు.

"ఊరుకో. రక్తం."

"నీ చేత్తో అద్దితే రోజూ చిట్లినా సరే."

కెండ్రా నవ్వింది. నవ్వినందుకు తనమీద తనకే కోపం వచ్చింది. "ఆ పిల్లకి కాలర్ ఎముక విరిగిందట వేడ్."

"తెలుసు. నాకూ బాధగానే ఉంది." నిజంగానే బాధగా ఉన్నాడు. కుర్చీలో కూచుని చేతుల వంక చూసుకున్నాడు. "కానీ కొట్టింది తను. రక్తం రుచి తగిలాక ఇంకేం కనపడదు కెన్. పట్టు దొరికిందా, పడేశామా అంతే."

"నిన్ను కాపలాకి పెట్టిన కంపెనీవాళ్ళు ఇంకో పద్ధతేం నేర్పలేదా?"

"చొక్కా ఇచ్చారు, రేడియో ఇచ్చారు, సంతకం పెట్టించుకున్నారు." మళ్ళీ హుషారొచ్చింది అతనికి. "అది నొప్పి పుట్టే పట్టు కాదు తెలుసా? సరిగ్గా పడితే దూడకి కూడా దెబ్బ తగలదు. రా, చూపిస్తా."

"వద్దు."

"రావే."

అప్పటికే వెనకనుంచి నడుము పట్టుకున్నాడు. ఆమె కెవ్వుమని నవ్వింది. కాళ్ళు నేలనొదిలాయి. కప్పు తిరిగింది. మరుక్షణం చెంప చల్లటి గచ్చుకి అంటుకుని ఉంది, చెయ్యి వెనక్కి విరుచుకుపోయి ఉంది, వీపు మీద మోకాలు. ఆట అనుకుంటూనే ఉంది గాని ఊపిరి రాలేదు. "వేడ్" అందామంటే గాలి లేదు. పొయ్యి కింద ఎప్పుడో పడిపోయిన బఠాణీ గింజ ఒకటి కనపడింది. దాన్నే చూస్తూ ఉంది.

"చూశావా? ఏం కాలేదు," అని లేపి, నెత్తిమీద ముద్దు పెట్టాడు. తర్వాత మొక్కజొన్న పేలాలు వేయించాడు, వెన్న ఎక్కువ వేసి, ఆమెకిష్టమైనట్టు. భుజం ఎత్తలేక కెండ్రా ఎడమ చేత్తో తింది.

గోదాము దగ్గర మర్నాడు లారీలు రోడ్డు దాకా బారులు తీరాయి. కోతలు ముమ్మరంగా ఉన్నాయి. కెండ్రా పని లారీ కాటా గదిలో. లారీ వచ్చి ఆగగానే పొడుగాటి గొట్టాన్ని గోధుమల్లోకి దించి, అడుగు నుంచి ఒకటి, పైనుంచి ఒకటి నమూనా లాగాలి. తేమ చూడాలి, తాలు చూడాలి, గుప్పెట్లో పోసి నలిపి వాసన చూడాలి. ఆ వాసన ఆమెకి ప్రాణం. ఆ రోజు భుజం వల్ల గొట్టం దించడమే కష్టమైంది.

మధ్యాహ్నం ఒక లారీ లోంచి ఒతీలియా దిగింది. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కెండ్రా గొట్టం దించలేక అవస్థ పడుతుంటే ఆమే అందుకుని ఒక్క పోటుతో దించింది.

"భుజానికేమైంది?"

"జారిపడ్డా."

ఒతీలియా చాలాసేపు చూసింది. "మా పిల్ల కూడా జారిపడిందని రాశారట స్కూలువాళ్ళు." నమూనా గిన్నెలో పోసి చేతులు దులుపుకుంది. "నువ్వే కదా తలుపు పట్టుకున్నది?"

కెండ్రా గిన్నెలో గింజల్ని వేలితో కలిపింది.

"అది చెప్పింది. కళ్ళు మంట, ఏం కనపడలేదు, కానీ ఎవరో తలుపు పట్టుకుని పర్లేదు అన్నారమ్మా అంది. తనకే చెప్పారనుకుంది పిచ్చిది. రాత్రంతా అదే తలుచుకుంది."

వెనక లారీ హారన్ మోగింది. అది గార్లండ్ ఉన్రూది. కెండ్రా కూడా సభ్యురాలిగా ఉన్న ఆర్డెల్ స్కూలు బోర్డుకి అధ్యక్షుడు, అరవై దాటినవాడు, కెండ్రాని పుట్టినప్పటినుంచీ ఎరుగును. కిటికీలోంచి తల బయటపెట్టి, "కబుర్లు తర్వాత చెప్పుకోవచ్చు తల్లీ! నా గోధుమ వానకి తడిస్తే నువ్వు ఆరబోస్తావా?" అన్నాడు.

ఒతీలియా వెనక్కి తిరిగింది. "నా కూతురెట్లా ఉందని అడగవా నువ్వు?"

"కూతురికి చేతులు అదుపులో పెట్టుకోవడం నేర్పించుంటే ఎవరూ అడగాల్సిన పని ఉండేది కాదుగా."

ఒతీలియా గోడకి ఆనించి ఉన్న అల్యూమినియం గింజల పార అందుకుంది. నడిచింది, పరిగెత్తలేదు. పార ఎత్తి గార్లండ్ లారీ ముందద్దం మీద కొట్టింది. మొదటి దెబ్బకి సాలెగూడులా చీలింది. రెండో దెబ్బకి అద్దం అతని ఒళ్ళో రాలింది. మూడోది తలుపు మీద. గార్లండ్ జీతగాడొకడు పరిగెత్తుకొచ్చి ఆమె జుట్టు పట్టాడు. ఆమె లారీ మీదనుంచి ఆమె తమ్ముడు దూకి వాణ్ణి గోధుమ కుప్పలోకి తోశాడు. ఇద్దరూ నడుము లోతు గింజల్లో దొర్లుతూ ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు గోధుమలు కుక్కుకున్నారు. జీతగాడికి ఊపిరాడక మొహం నల్లబడేదాకా ఎవరూ విడదియ్యలేకపోయారు.

పోలీసుల్ని పిలుద్దామన్నాడు గోదాము యజమాని. నుదుటి మీది గాజు పెంకు ఏరుకుంటూ గార్లండ్ వద్దన్నాడు. "కోతల రోజుల్లో స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారు? అద్దానికి ఇన్సూరెన్సుంది." లారీలు మళ్ళీ కదిలాయి.

అతను కాటా గదిలోకొచ్చి కెండ్రా చేతిలోంచి రుమాలు తీసుకుని రక్తం తుడుచుకున్నాడు.

"సోమవారం మీటింగుంది, గుర్తుందిగా అమ్మాయ్? కాపలా కంపెనీ ఒప్పందం ఈ నెలాఖరుతో సరి. పొడిగించాలి. లేకపోతే మళ్ళీ మొదట్నుంచి టెండర్లు పిలవాలి."

"నేను ఓటెయ్యకూడదు కదా గార్లండ్ గారూ. వేడ్‌కి జీతమిచ్చేది వాళ్ళేగా."

"ఓటు నిన్నెవరడిగారు? ఏడుగురిలో నలుగురుంటేనే బోర్డు. ఒకాయన తుంటి విరిగి ఆస్పత్రిలో ఉన్నాడు, ఇద్దరు కోత మిషన్లు తోలుకుంటూ ఒక్లహోమా వెళ్ళారు. మిగిలింది నేను, వెర్లిన్, లూయెల్లా, నువ్వు. వచ్చి కుర్చీలో కూచో చాలు. ఓటు వెయ్యనని చెప్పు, గోళ్ళు కొరుక్కో, కునుకు తియ్యి. కూచున్నావంటే లెక్కలోకొస్తావు."

"లూయెల్లా గారు ఒప్పుకోరేమో."

"ఒప్పుకోదు. ఇద్దరం అవును, ఆవిడ కాదు. అయిపోయింది." తలుపు దగ్గర ఆగాడు. గొంతు తగ్గించాడు. "నేనేం రాక్షసుణ్ణి కాదు అమ్మాయ్. ఏ పిచ్చివాడో తుపాకీ పట్టుకుని స్కూలుకొస్తే ఎలాగని నాకు నిద్రపట్టదు. గుమ్మం దగ్గర ఒక మనిషుండాలి. మనకి గిట్టుబాటయ్యే ధరకి దొరికింది వాళ్ళే. నీ సంసారం కూడా అందులోనే ఉందిగా."

మొన్న చలికాలంలో ఆ టెండరు బల్లమీదకొచ్చినప్పుడు కెండ్రా కూడా ఉంది. కాపలావాళ్ళకి పిల్లలతో మసలడంలో శిక్షణ ఉండాలని రిటైరైన టీచరు లూయెల్లా ఒక వాక్యం పెట్టించింది. ఆ వాక్యం ఉంటే తక్కువ ధర కంపెనీ తప్పుకుంటుందని తేలింది. వాక్యం కొట్టేద్దామన్నారు. కొట్టెయ్యడానికే కెండ్రా చెయ్యెత్తింది. అప్పుడు ఆకలిగా ఉంది, బయట కారులో వేడ్ వేడి పిజ్జాతో కాచుకుని ఉన్నాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇద్దరూ వరండా పక్క గదిలో కూచుని పుల్ల చెర్రీలకి గింజలు తీశారు. పెరట్లో చెట్టు ఒక్కటే గాని విరగకాసింది. జడపిన్ను వంపు పండు తొడిమలోకి గుచ్చి లాగితే గింజ టప్పున వస్తుంది. వేడ్ గింజని నోట్లో పెట్టుకుని ఊదితే అవతలి గోడ మీది పెళ్ళికి కానుకగా వచ్చిన గడియారానికి తగులుతోంది.

"ఒప్పందం పొడిగించగానే నాకు జీతం పెంచుతారట," అన్నాడు. "తర్వాత ఆ వెనక గదికి రంగులేద్దాం."

"ఏ గది?"

"అదే. చిన్నవాళ్ళ గది."

కెండ్రా సిగ్గుపడి చెర్రీ అతని ముక్కుకి రాసింది. ఇద్దరి చేతులూ మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఈ మనిషే, అనుకుంది. నన్ను నవ్వించేది ఈ మనిషే. భుజం మీది మచ్చ అప్పటికి ఊదా రంగునుంచి ఆకుపచ్చకి తిరుగుతోంది.

కిటికీ పగిలింది. ఇటుక ఒకటి చెర్రీల గిన్నెలో పడి గిన్నె బద్దలైంది. వేడ్ కుర్చీతో సహా లేచాడు. దోమతెర తలుపు తన్ని బయటికి దూకాడు. వీధిలో ఒతీలియా తమ్ముడు పారిపోలేదు, రెండో ఇటుక చేత్తో పట్టుకుని నిలబడే ఉన్నాడు. విసిరాడు. వేడ్ తప్పించుకుని వాణ్ణి నడుము దగ్గర పట్టి లేపి గడ్డి మీద పడేశాడు. మీద కూచుని కొట్టడం మొదలెట్టాడు. మొహం మీద, మెడ మీద, అడ్డుపెట్టిన చేతుల మీద. వాడు ఒక పన్ను ఉమ్మాడు. కెండ్రా వెనకనుంచి వేడ్ మెడ చుట్టూ చేతులేసి వేలాడింది.

"చాలు వేడ్! చాలు! చచ్చిపోతాడు!"

అతని మోచెయ్యి వెనక్కొచ్చి ఆమె పక్కటెముకల్లో దిగింది. ఆమె గడ్డిలో పడిపోయింది. ఎదురింటి ముసలాయన నీళ్ళ పైపు తెచ్చి ఇద్దరి మీదా వదిలితే గాని వేడ్ ఆగలేదు. తడిసి, రొప్పుతూ వెనక్కి తిరిగి ఆమెని చూశాడు.

"నీకేమైంది? ఎవరు కొట్టారు?"

నిజంగానే అతనికి తెలియదు. దాంతో కెండ్రాకి భయం వేసింది. చేతుల మీదున్నది ఏది చెర్రీ, ఏది రక్తం అని చూసుకుంటూ పైపు నీళ్ళ కింద కడిగింది, కడిగింది. రెండూ ఒకేలా వదిలాయి.

సోమవారం మీటింగు స్కూలు లైబ్రరీలో. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ పుస్తకాల మీద పడుతోంది. వెర్లిన్ చేలోంచి నేరుగా వచ్చాడు. చెవుల్లో, కనుబొమల్లో పొట్టు. "తొందరగా కానివ్వండయ్యా, మబ్బు పట్టేలా ఉంది," అంటూ కూచోకముందే గడియారం చూశాడు. లూయెల్లా అల్లిక తెచ్చుకుంది. నాలుగో కుర్చీ ముందు కెండ్రా పేరున్న చెక్క పలక.

ముందు వరసలో ఒతీలియా, పక్కన చెయ్యి గుడ్డలో వేలాడేసుకుని యారెలి. తలుపు దగ్గర, డ్యూటీ మీద, వేడ్. పిడికిళ్ళకి ప్లాస్టర్లు. కెండ్రాని చూసి రహస్యంగా కన్నుకొట్టాడు.

ఊళ్ళోవాళ్ళు మాట్లాడడానికి మనిషికి మూడు నిమిషాలు. గార్లండ్ కోడిపెట్ట ఆకారంలో ఉన్న వంటింటి టైమరు గంటని మూడు నిమిషాలకి తిప్పి బల్లమీద పెట్టాడు. ఒతీలియా లేచింది. కాగితమేం తెచ్చుకోలేదు.

"నా పిల్లకి రాత్రిళ్ళు పడుకోబెడితే నొప్పి, కూచోబెడితే నొప్పి. పాలపెట్టె ఒక్కటి దాటితే ఇంత శిక్ష అని ఎవరు రాశారు? ఇక్కడ కూచున్న మీలో ఎవరు రాశారో చెప్పండి. ఆ కాపలావాడికి ఏమి నేర్పించి పంపమని అడిగారో చెప్పండి."

గంట టిక్కుటిక్కుమంటోంది. ఆమె కూచోలేదు, జవాబు కోసం అలాగే నిలబడింది. కోడిపెట్ట గణగణ మోగింది.

"టైమైపోయింది. కూచోమ్మా," అన్నాడు గార్లండ్.

"జవాబు చెప్పు, కూచుంటా."

గార్లండ్ చెక్క సుత్తితో బల్ల కొట్టాడు. ఒతీలియా ముందుకొచ్చి ఆ గంటని తీసి గోడకేసి కొట్టింది. స్ప్రింగులు ఎగిరాయి. వేడ్ అప్పటికే వచ్చేశాడు. ఆమె చెయ్యి వెనక్కి విరిచి, మెడ వంచి, మొహాన్ని బల్లకి నొక్కాడు. సరిగ్గా కెండ్రా పేరున్న పలక పక్కన. ఒతీలియా చెంప చెక్కకి అంటుకుపోయి ఉంది. కళ్ళు కెండ్రా వైపే ఉన్నాయి గాని కెండ్రాని చూడడం లేదు. ఏదో ఒక చిన్న వస్తువుని చూస్తున్నాయి, పొయ్యి కింద తను బఠాణీ గింజని చూసినట్టు.

"వదులు వేడ్, వదులు," అన్నాడు గార్లండ్ చిరాగ్గా. "కూచోబెట్టు. అయిదో అంశం. కాపలా ఒప్పందం పొడిగింపు. కెండ్రా, నువ్వు ఓటు వెయ్యట్లేదుగా?"

"వెయ్యట్లేదు," అంది కెండ్రా.

"మంచిది. వెర్లిన్, ప్రతిపాదన చెయ్యి."

కెండ్రా కుర్చీ వెనక్కి జరిపింది. హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుంది, తెలియక నొప్పి భుజానికే. మళ్ళీ తీసి రెండోదానికి తగిలించుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు గార్లండ్. "అమ్మాయ్, ఒక్క నిమిషం. కూచో."

ఆమె బల్ల చుట్టూ తిరిగింది. లూయెల్లా అల్లిక ఒళ్ళో పెట్టేసింది. అప్పుడర్థమైంది గార్లండ్‌కి. సుత్తి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. "వేడ్! మీ ఆవిడ్ని ఆపవయ్యా!"

తలుపు దగ్గర వేడ్ ఆమెకి అడ్డంగా నిలబడ్డాడు.

"కెన్, ఏం చేస్తున్నావ్? నువ్వెళ్తే ఒప్పందం పోతుంది."

"తెలుసు."

"నా పని పోతుంది. మనిద్దరిదీ..." చిన్నవాళ్ళ గది అనబోయాడని ఆమెకి తెలుసు. పెదవి మీద గాయం ఇంకా మానలేదు. దాని మీద ఐసు పెట్టాలని చెయ్యి దానంతటదే కదలబోయింది.

"తప్పుకో వేడ్."

అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. గట్టిగానే. అక్కడున్నవాళ్ళందరూ చూశారు. ఆమె విదిలించుకోలేదు. "పడేస్తావా?" అంది మెల్లగా, అతనికొక్కడికే వినపడేట్టు. "మొన్న వంటింట్లో నాకు ఊపిరాడలేదు. నీకు చెప్పలేదు."

వేడ్ ఆమె మొహం వంక చూశాడు. తర్వాత పట్టుకున్న తన చేతి వంక చూసుకున్నాడు, ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు. వేళ్ళు ఒక్కొక్కటిగా వదిలాయి. కాని తలుపు ముందునుంచి కదలలేదు, కదలడం మరిచిపోయినట్టు.

యారెలి లేచింది. గోడ వెంబడి నడిచి, వేడ్‌ని తాకకుండా పక్కనుంచి దూరి, బాగున్న భుజంతో తలుపుని నెట్టింది. బరువైన తలుపు. వీపు ఆనించి, మడమలు తన్నిపెట్టి, దాన్ని తెరిచి పట్టుకుంది.

కెండ్రా బయటికి నడిచింది. "థాంక్స్," అంది.

ఆ పిల్ల తలెత్తి చూసింది. ఆ గొంతు గుర్తుపట్టిందో లేదో తెలియలేదు. "పర్లేదు," అంది.

లోపల వెర్లిన్ గొంతు, "ముగ్గురమే అయ్యాంగా. అంటే ఇంక నేను పోవచ్చా?" లూయెల్లా గొంతు, "పోవచ్చు. గార్లండ్, టెండరు మళ్ళీ రాసేటప్పుడు ఆ వాక్యం ఉంటుంది. నేనే రాస్తా."

సుత్తి ఒకసారి పడింది, ఉత్సాహం లేకుండా.

యారెలి మడమలు నేలమీద జారుతున్నాయి. "నువ్వు వదిలెయ్ అమ్మా, నేను పట్టుకుంటా," అని కెండ్రా గడప అవతలనుంచే చెయ్యి చాచి తలుపు అందుకుంది. మొదట వెర్లిన్ పొట్టు రాల్చుకుంటూ పరిగెత్తాడు. "థాంక్స్ అమ్మాయ్! దేవుడు చల్లగా చూడాలి!" గార్లండ్ ఆమె వంక చూడకుండా దాటాడు, రెండడుగులు వేశాక, అలవాటు చొప్పున, టోపీ అంచు తాకాడు. ఒతీలియా చెంప మీద చెక్క అచ్చు ఎర్రగా ఉంది. కూతురి తల నిమురుతూ వచ్చి, "థాంక్స్" అనేసింది. ఎవరితో అన్నదో అప్పుడు చూసుకుంది. వెనక్కి తీసుకోలేదు, నవ్వనూ లేదు. మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆఖరున వేడ్. భుజం మీది రేడియో విప్పి చేత్తో పట్టుకున్నాడు, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. గడప మీద ఆగాడు. దూరాన ఏదో చేలో కోత మిషన్ లైట్లు వెలిగించింది.

"ఇంటికొస్తావా?" అన్నాడు.

కెండ్రా తలుపుని అతను పూర్తిగా దాటేదాకా పట్టుకుంది.